విద్యార్థి మనస్సు – పాఠశాల బాధ్యత



పిల్లవానికి జ్వరం వస్తే ఆ సంగతి బడిలో వెంటనే తెలుస్తుంది. నుదుటిమీద చేయి వేసి చూస్తారు. ఇంటికి కబురు పంపుతారు. అదే పిల్లవాడు నెలరోజులుగా నిద్రలేక, అన్నం సహించక, వెనుక బెంచీలో మౌనంగా కూర్చుంటే అతనికి సోమరి అన్న పేరు వస్తుంది. శరీరపు బాధను గుర్తించినంత సులభంగా మనస్సు బాధను గుర్తించడం మన పాఠశాలలకు ఇంకా అలవాటు కాలేదు.

ఈ లోపం చిన్నది కాదు. బెంగుళూరులోని నిమ్‌హాన్స్ సంస్థ 2015–16లో నిర్వహించిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో, 13–17 ఏళ్ళ వారిలో 7.3 శాతం మందికి ఏదో ఒక మానసిక రుగ్మత ఉన్నట్లు తేలింది. 40 మంది ఉన్న తరగతికి ఈ లెక్కను అన్వయిస్తే సుమారు ముగ్గురు. 2022లో దేశంలో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నట్లు జాతీయ నేర గణాంకాల సంస్థ నమోదు చేసింది. వీటన్నిటికీ పరీక్షలే కారణమనడం సరికాదు. ఇంటిలోని కలహాలు, అనారోగ్యం, అవమానం, పేదరికం – ఎన్నో బరువులు ఒక్కటై లేత మనస్సును కుంగదీస్తాయి.

2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మానసిక చికిత్స పొందడాన్ని పౌరుని హక్కుగా గుర్తించింది. 2020లో కేంద్ర విద్యాశాఖ విద్యార్థుల కొరకు ‘మనోదర్పణ్’ను ప్రారంభించింది. 2022 అక్టోబరు 10న మొదలైన ‘టెలీ మానస్’ సేవ 14416 నంబరుపై రాత్రింబవళ్ళు, తెలుగుతో సహా పలు భాషలలో, ఉచితంగా లభిస్తున్నది.

2023లో విశాఖపట్నంలో వైద్యవిద్య ప్రవేశ పరీక్షకు చదువుతున్న 17 ఏళ్ళ బాలిక మరణించింది. ఆమె తండ్రి న్యాయస్థానాన్ని ఆశ్రయించగా, 2025 జూలై 25న సుప్రీంకోర్టు తన తీర్పులో దేశమంతటికీ వర్తించే మార్గదర్శకాలను ప్రకటించింది. వంద లేక అంతకు మించి విద్యార్థులున్న సంస్థలు అర్హత గల సలహాదారును ఒకరినైనా నియమించాలి. చిన్న సంస్థలు బయటి నిపుణులతో సంబంధం ఏర్పరచుకోవాలి. వీలైనంతవరకు మార్కులను బట్టి విద్యార్థులను వేరు వేరు బ్యాచీలుగా విడదీయరాదు. బోధన, బోధనేతర సిబ్బందికి ఏటా రెండుసార్లయినా శిక్షణ ఇవ్వాలి.

అయితే సలహాదారు గది తలుపు వరకు పిల్లవానిని నడిపించేది ఎవరు? ‘కడుపు చించుకుంటే కాళ్ళమీద పడుతుంది’ అన్న సామెత వింటూ పెరిగిన పిల్లలు తమ బాధను తామై చెప్పుకోరు. దానిని ముందుగా కనిపెట్టగలిగినది అనుదినం వారిని చూచే ఉపాధ్యాయుడే. ఆయన వైద్యుడు కానక్కరలేదు. చురుకైనవాడు ముభావంగా మారినప్పుడు, కారణం లేకుండా బడి మానినప్పుడు పక్కకు పిలిచి అడగాలి. మధ్యలో అడ్డుపడి నీతులు చెప్పక పూర్తిగా వినాలి. విన్నదానిని పదిమందిలో పెట్టరాదు. కాని ప్రాణభయం ఉన్నదని తోచినప్పుడు దాచరాదు. ఆ పిల్లవానిని ఒంటరిగా విడువక, తల్లిదండ్రులకు, నిపుణులకు వెంటనే తెలుపాలి. తోటి విద్యార్థులు కూడ మిత్రుని రహస్యాన్ని కాపాడడంకన్న మిత్రుని కాపాడుకోవడం ముఖ్యమని గ్రహించాలి.

మార్కుల జాబితాను తరగతిలో బిగ్గరగా చదివి నవ్వుల పాలు చేసే పద్ధతిని మానడానికి నిధులు అవసరం లేదు. ‘నీకు ఏమైంది?’ అని ఆదరంతో అడగడానికి ఏ ఉత్తర్వూ అవసరం లేదు. ఆ ప్రశ్న అడిగేవారు ఒక్కరైనా ఉన్న బడి పిల్లలకు నిజంగా రెండవ ఇల్లు అవుతుంది.