తవ్విన మట్టికి చోటెక్కడ?
సొరంగం తవ్వితే వచ్చే మట్టి ఎక్కడికి పోవాలన్నది టెండరు దశలోనే తేలాలి. లండన్‌లో క్రాస్‌రైల్ అనే రైలు మార్గం కోసం 42 కిలోమీటర్ల సొరంగాలు తవ్వినప్పుడు 30 లక్షల టన్నులకు పైగా మట్టిని ఓడల్లో ఎసెక్స్ తీరంలోని వాలసీ దీవికి చేర్చి, పల్లపు పొలాలను ఎత్తుచేసి, పక్షులకు చిత్తడినేలలు సిద్ధం చేశారు. అదంతా లారీలెక్కి ఉంటే నగర వీధుల గతి ఏమయ్యేదో!

అన్ని ఊళ్లకూ థేమ్స్ లాంటి నది ఉండదని, ఖర్చెక్కువని కొందరంటారు. నిజమే, అయినా మట్టి చేరే చోటును ముందే ఖాయం చేసుకోవడానికి నది అక్కర్లేదు. కట్టడాల శిథిలాలకు అలాంటి ఏర్పాటు ఇప్పటికే ఉంది: హైదరాబాద్‌లో జీడిమెట్ల, ఫతుల్లగూడల్లో వాటిని ఇసుకగా, కంకరగా మార్చే కేంద్రాలున్నాయి. ఖర్చు తగ్గుతుందని మట్టిని చెరువులో కుమ్మరిస్తే అదీ చౌకేమీ కాదు: పూడిన చెరువు వానాకాలంలో కాలనీలను ముంచుతుంది, ఆ నష్టం గుత్తేదారు లెక్కల్లోకి రాదు. మట్టి చేరిన చోటు రసీదు చూపనిదే అతని బిల్లు చెల్లించకూడదు.