కనికట్టు – ఏమరుపాటు

గారడి విద్యకు మన భాషలో కనికట్టు అనే పేరు ఒకటి ఉన్నది. కన్నును కట్టివేసే విద్య గనుక కనికట్టు. పేరు చక్కనిదే. కాని ఆ విద్య లోతు ఎరిగినవారు దీనిని కొంచెము సవరించి చెప్పుతారు. గారడివాడు కట్టివేసేది కన్నును కాదు, మనస్సును. కన్ను తెరచియే ఉంటుంది. ఎదుట జరిగేదంతా కంటిలో పడుతూనే ఉంటుంది. మనస్సు మాత్రము మరొక చోట ఉంటుంది. ఆ చోటు ఏదో నిర్ణయించేవాడే గారడివాడు.

ఈ విద్య మనకు క్రొత్తది కాదు. వాత్స్యాయనుడు పేర్కొన్న అరువదినాలుగు కళలలో ఇంద్రజాలమూ హస్తలాఘవమూ వేర్వేరు కళలుగా ఉన్నవి. రాయలసీమలోని విజయనగర కాలపు శాసనాలలో విప్రవినోదులనే గారడి విద్యావంతుల పేరు కనిపిస్తుంది. అనంతపురం మెట్టసీమలో సంతకో, తేరుకో పోయిన వారిలో గారడిని చూడనివారు అరుదు. నేలమీద ఒక గుడ్డ, మూడు గిన్నెలు, నాలుగు గుడ్డ ఉండలు, చేత డమరుకము, ప్రక్కన ఎదురుమాట చెప్పే పిల్లవాడు: ఇంతే సామగ్రి. పిల్లవానికీ పెద్దవానికీ మాట పెరిగి జనము నవ్వినప్పుడు, ఖాళీ గిన్నెక్రిందికి ఉండ చేరిపోతుంది. ఆ పిల్లవాడు కూర్చున్నది ఊరకనే కాదని మనకు తోచదు.

చేయి కంటికంటె వేగమైనదని లోకములో ఒక మాట ఉన్నది. అది నిజము కాదు. త్వరపడిన చేయి పట్టుబడిన చేయి. పేకముక్కలతో పని చేసే ఐంద్రజాలికుని గమనించండి. అతని చేతులు తాపీగా కదులుతాయి. మీరు ఒక ముక్క తీసి చూచి కట్ట మధ్యలో పెట్టినారు. అతడు కట్టను ఆ చోటనే విడదీసి, క్రింది సగమును రహస్యముగా పైకి మార్చవలెను. అప్పుడు మీ ముక్క పైముక్క అవుతుంది. మీరు చేతులవైపే చూస్తూ ఉన్నంతవరకు అతడు ఆ పని చేయడు, వేచి ఉంటాడు. తరువాత తల యెత్తి, మీ కన్నులలోనికి చూచి, “మీ ముక్క మీకు బాగుగా జ్ఞాపకమున్నది గదా?” అని అడుగుతాడు. ప్రశ్న అడిగినవాని ముఖము చూడడము మనుష్యుని మర్యాద. మీరు తల యెత్తుతారు. ఆ ఒక్క క్షణము చాలును.

ఈ విద్యకు నాలుగైదు సూత్రములు ఉన్నవి. గారడివాడు ఎటు చూస్తే జనము అటు చూస్తారు. కనుక దాచిన చేతివైపు అతడు ఎన్నడూ చూడడు. పెద్ద కదలిక చిన్న కదలికను కప్పుతుంది. అగ్గిపెట్టె అందుకొనడానికి చేయి చాచినప్పుడు, అరచేతిలోని ముక్కను ఎవరూ తలచరు. నవ్వు తరువాత, చప్పట్ల తరువాత, ఆట ముగిసినదనుకొన్న తరువాత, మనస్సు నడుము వాల్చుతుంది. అసలు పని అప్పుడే జరుగుతుంది. అన్నిటికంటె ముఖ్యమైనది, కదలికకు ఒక కారణము కనిపించవలెను. కారణము తెలిసిన కదలికను మనస్సు మరల విచారించదు.

దీనిని మనస్తత్వ శాస్త్రజ్ఞులు పరీక్షించి చూచినారు. 1999లో అమెరికాలో సైమన్స్, షబ్రీ అనే ఇద్దరు ఒక ప్రయోగమును ప్రకటించినారు. బంతి ఎన్నిసార్లు చేతులు మారినదో లెక్కించుమని చెప్పి, ఆటగాళ్ళ చిత్రమును చూపించినారు. నడుమ గొరిల్లా వేషము వేసిన మనిషి ఆటగాళ్ళ మధ్యకు నడచివచ్చి, గుండెలు బాదుకొని పోయినాడు. చూచినవారిలో సుమారు సగము మందికి ఆ గొరిల్లా కనిపించనే లేదు. 2005లో కూన్, టాట్లర్ అనే మరి ఇద్దరు, సిగరెట్టును మాయము చేసే గారడిని చూపుతూ ప్రేక్షకుల చూపు ఎక్కడ ఉన్నదో యంత్రముతో కొలిచినారు. సిగరెట్టు అందరి ఎదుటనే ఒడిలో పడుతుంది. దానిని కనిపెట్టినవారికీ కనిపెట్టనివారికీ చూపు నిలిచిన చోటులో భేదము కనబడలేదు. భేదమంతా మనస్సు నిలిచిన చోటులోనే ఉన్నదన్నమాట. మన తెలుగువారిలో, 2025లో కీర్తిశేషులైన బి. వి. పట్టాభిరామ్‌గారు ఇంద్రజాలముతో మొదలుపెట్టి మనస్తత్వ శాస్త్రమువైపు నడవడములో ఆశ్చర్యము లేదు. ఆ రెండును ఇరుగుపొరుగు విద్యలే.

ఇంతవరకు ఇది వినోదము. కాని విద్యకు రెండు చేతులు. 1902లో అమెరికాలో ఎర్డ్‌నేజ్ అనే మారుపేరుతో పేకముక్కల హస్తలాఘవముపై ఒక గ్రంథము వెలువడినది. అందులో మొదటి భాగము జూదములో మోసము చేసే పద్ధతులు; రెండవ భాగము సభలో వినోదము కలిగించే పద్ధతులు. ఒకే గ్రంథము, ఒకే చేయి. పని మాత్రము వేరు.

ఆ మొదటి భాగము మన సంతలకు కూడ వస్తుంది. అనంతపురము సీమలో ఏటికి కురిసే సగటు వాన సుమారు 550 మిల్లీమీటర్లు. నైరుతి మేఘములకు పడమటి కనుమలు అడ్డము. ఈశాన్య మేఘములకు సముద్రతీరము దూరము. ఇట్టి మెట్టభూమిలో వేరుసెనగను నమ్ముకొన్న రైతు చేతికి రొక్కము తరచుగా రాదు. తొలకరికి ముందు విత్తనాలకని అప్పు తెచ్చిన డబ్బు నడుమున కట్టుకొని సంతకు వస్తాడు. అక్కడ ఒక మూల గొనెపట్ట పరచి ఒకడు మూడు ముక్కలు త్రిప్పుతూ ఉంటాడు. ఆఠీను రాణి ఎక్కడున్నదో చూపితే పెట్టిన పైకము రెండింతలు.

రైతు తెలివితక్కువవాడు కాడు; దూరముగా నిలుచుండి చూస్తాడు. ఇంతలో పంచేవాడు ఎవరితోనో తగవులాడుతూ తల ప్రక్కకు త్రిప్పుతాడు. ప్రక్కన నిలిచిన పెద్దమనిషి వంగి రాణి మూలను కొంచెము మడిచి, “చూస్తివా అన్నా? వానికి తెల్దు” అని చెవిలో చెప్పుతాడు. మడత స్పష్టముగా కనబడుతున్నది. రైతు నడుమునుండి డబ్బు తీస్తాడు. ముక్కలు మరల తిరుగుతాయి. మడతపడిన ముక్కను ఎత్తి చూస్తే అది రాణి కాదు. పంచేవాడు త్రిప్పుతూనే ఒక మూలను సరిచేసి మరొక మూలను మడిచినాడు. చెవిలో చెప్పిన పెద్దమనిషి వాని మనిషే.

ఇందులోని సూక్ష్మమును గమనించండి. గారడివాడు మనలను ఏమరిపించి పని జరుపుకొంటాడు. ఈ మోసగాడు తానే ఏమరినట్లు నటిస్తాడు. ఎదుటివాడు ఏమరినాడని మనకు తోచిన ఆ క్షణమే మనము ఏమరిన క్షణము. అంతే కాదు. పందెము కాసినవాడు తాను ఒకరిని మోసగించబోయినానన్న సిగ్గుతో ఎవరికీ చెప్పుకోలేడు, ఠాణాకు పోలేడు. విత్తనాల డబ్బు పోయినదని ఇంటిలో చెప్పడానికే నోరు రాదు. మోసగానికి చేతివాటముకంటె ఆ మౌనమే పెద్ద రక్ష.

నేడు సంతకు పోనక్కరలేకుండ ఈ ఆట ఇంటికే వచ్చుచున్నది. ఫోనులో ఒక గొంతు తొందరపెట్టుతుంది, భయపెట్టుతుంది, ప్రశ్నపై ప్రశ్న వేస్తుంది. నడుమ బ్యాంకు రహస్య సంఖ్యను అడుగుతుంది. ముక్కలు లేవు, గొనెపట్ట లేదు. సూత్రము మాత్రము అదే. ఎవరైనా మనలను తొందరపెట్టినప్పుడు ఒక్క నిమిషము ఆగి, “నన్ను ఎటు చూడమంటున్నాడు? ఎటు చూడవద్దంటున్నాడు?” అని ప్రశ్నించుకొనడము మేలు. నష్టపోయినవారు ఇంటిలోను, ఊరిలోను నోరు విప్పి చెప్పడము అంతకంటె మేలు. వారి మాట మరొకరి విత్తనాలను కాపాడుతుంది.

అట్లని వీధి గారడివానిని అనుమానించవద్దు. మిమ్ము భ్రమింపజేస్తానని ముందుగా చెప్పి, చెప్పినట్లే చేసి, గుడ్డ పరచి ఇచ్చినది పుచ్చుకొనేవాడు అతడు. మీ వీధికి వచ్చినప్పుడు పిల్లలను వెంటబెట్టుకొని పోయి చూడండి. అతని చేతులను కాదు, మీ మనస్సు ఎక్కడికి పోతున్నదో చూడండి. పట్టుకోలేకపోతే నవ్వి, గుడ్డమీద ఒక నాణెము వేయండి. ఆ పాఠమునకు అంతకంటె చౌకగా గురువు దొరకడు.