పేటెంట్ కావాలా? అయితే తయారీ విధానం మొత్తం చెప్పాల్సిందే!



ఒక కంపెనీ మందు కనిపెట్టి "ఇది నాది" అంటే ఎవరికీ అభ్యంతరం ఉండదు. "ఇదే పని చేసే మందులన్నీ నావే, ఇంకా ఎవరూ తయారు చేయనివి కూడా" అంటే? అప్పుడు ఒప్పుకోవాలా?

పేటెంట్ అంటే ఒక బేరం అండీ. మీకు కొన్నేళ్ల హక్కు ఇస్తారు. బదులుగా, ఆ రంగం తెలిసినవాళ్లు మీ డాక్యుమెంట్ చదివి ఆ వస్తువు తయారు చేయగలిగేలా రాయాలి. దీన్నే ఎనేబుల్‌మెంట్ అంటారు.

గేర్లు, మోటార్ల విషయంలో లెక్క వేసి ఫలితం ముందే చెప్పేయొచ్చు. బయాలజీలో అంత ఈజీ కాదు. ఉదాహరణకి క్యాటలిటిక్ యాంటీబాడీలు. మామూలు యాంటీబాడీ దేన్నైనా పట్టుకుని ఊరుకుంటుంది. ఇవి ఎంజైమ్‌లా రసాయన చర్యను కూడా నడిపిస్తాయి. 1986లో అమెరికాలో రిచర్డ్ లెర్నర్, పీటర్ షుల్ట్జ్ బృందాలు విడివిడిగా ఇది చూపించాయి. సాధారణంగా, ఆ చర్య మధ్యలో క్షణకాలం ఉండే రూపాన్ని పోలిన అణువు తయారు చేసి ఎలుకకి ఎక్కిస్తారు. వచ్చిన యాంటీబాడీలు దాన్ని పట్టుకుంటాయి. కానీ పట్టుకున్నవన్నీ పని చేయవు! ఏది చేస్తుందో టెస్ట్ చేసి చూడాల్సిందే. మరి ఒక్క చర్యకి చేసి చూపించి, అన్ని చర్యలకీ హక్కు అడగొచ్చా?

టెస్ట్ చేయాల్సి రావడమే తప్పా అంటే, కాదు. 1988లో వాండ్స్ కేసు చూడండి. హెపటైటిస్ బి టెస్టుకి వాడే యాంటీబాడీల గొడవ అది. పేటెంట్ ఆఫీసు "143 కణాల్లో 4 మాత్రమే పనికొచ్చాయి" అంది. కోర్టు "పూర్తిగా పరీక్షించింది 9 మాత్రమే, అందులో 4 పనికొచ్చాయి, మిగతావి దాచిపెట్టారంతే" అని కనిపెట్టినవాళ్ల పక్షానే తీర్పిచ్చింది. ఎంత ప్రయోగం అవసరం, ఫలితం ఎంతవరకు ఊహించగలం లాంటి 8 అంశాలు చూడాలని కూడా చెప్పింది.

ఇక 2023 మే 18. అమెరికా సుప్రీంకోర్టులో ఆమ్‌జెన్, సనోఫీ కేసు. కొలెస్ట్రాల్ తగ్గించే మందుల పోటీ. ఆమ్‌జెన్ 26 యాంటీబాడీల వివరాలిచ్చి, పీసీఎస్‌కే9 ప్రోటీన్ మీద ఫలానా చోట అతుక్కుని దాన్ని అడ్డుకునేవన్నీ తనవే అంది. జడ్జీలందరూ ఏకగ్రీవంగా కుదరదన్నారు. ఎంత ఎక్కువ అడిగితే, అంత ఎక్కువ నేర్పాలి అన్నది తీర్పు సారాంశం.

మా కోడింగ్ భాషలో చెప్పాలంటే, టెస్ట్ కేసులు రాసి "ఇవి పాసయ్యే కోడ్ అంతా నాదే" అన్నట్టు!

అయితే రెండో వైపు కూడా చూడాలి. హక్కు మరీ ఇరుగ్గా ఇస్తే, పోటీవాడు ఒక్క అమైనో ఆమ్లం మార్చి తప్పించుకుంటాడు. అప్పుడు ఏళ్ల తరబడి రీసెర్చ్‌కి డబ్బు ఎవరు పెడతారు? హక్కు మరీ పెద్దదైతే, ఇంకా మెరుగైన మందు రోగి దాకా రాదు. నా ఓటు మాత్రం ఆ తీర్పుకే. నేర్పినంత మేరే హక్కు.

మీరేమంటారు? ఆలోచించండి. మళ్ళీ కలుద్దాం, బై!