మూడు పానాలు, ఎనిమిది అంకెలు
(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఆ రోజుల గురించి ఏదైనా మాట్లాడమని కార్యదర్శి గారు ఫోన్ చేశారు. బడి గంట గురించీ, చెట్టు కింద తరగతుల గురించీ నాకంటే బాగా చెప్పగలవాళ్లు ఈ హాల్లో చాలామంది ఉన్నారు. అందుకని నా వృత్తికి దగ్గరగా ఉండే సంగతి ఒకటి ఎంచుకున్నాను. 1980ల్లో ఇంటి టీవీకి తగిలించి ఆడుకున్న కంప్యూటర్ ఆటలు. బడి సభలో ఆటల ముచ్చటేంది అని గురువులు అనుకోవచ్చు. మా బ్యాచ్‌లో కొందరికి ద్విసంఖ్యామానం అనే మాట పుస్తకంలో రాకముందే ఆ ఆటలు దాన్ని నేర్పినాయి. ఎవరికి నేర్పినాయి, ఎవరు గడప బయటే ఉండిపోయారు అన్నది కూడా చెప్పాలి.

అప్పట్లో మనకు కంప్యూటర్ అంటే పేపర్లో ఫోటో. శ్రీహరికోట మనకు దూరమేమీ కాదు. 1980 జులైలో ఎస్ఎల్‌వీ-3 రాకెట్ రోహిణి ఉపగ్రహాన్ని పైకి తీసుకుపోయినప్పుడు మేము చిన్న తరగతుల్లో ఉన్నాము. దాన్ని నడిపించేది కంప్యూటర్లని పెద్దవాళ్లు చెబితే విన్నాము. 1984లో కేంద్ర ప్రభుత్వం ‘క్లాస్’ అనే పథకం మొదలుపెట్టింది. దేశంలో సుమారు 250 పాఠశాలలకు ఇంగ్లాండులో తయారైన బీబీసీ మైక్రో కంప్యూటర్లు ఇచ్చారు. ఆ తొలి విడతలో మన బడి లేదు. అదే ఏడాది నవంబరులో కొత్త కంప్యూటర్ విధానం వచ్చి, దిగుమతి సుంకాలు తగ్గినాయి. అయినా మధ్యతరగతి ఇంట్లోకి కంప్యూటర్ వచ్చే మాట ఇంకా దూరమే.

మా తొమ్మిదో తరగతి వేసవి సెలవుల్లో, 1985లో, మా క్లాసువాడి మేనమామ కువైట్ నుంచి వస్తూ కలర్ టీవీతో పాటు ఒక నల్లటి పలకలాంటిది తెచ్చాడు. రబ్బరు మీటలు, పక్కన వాలుగా నాలుగు రంగుల చారలు. అది సింక్లెయిర్ జెడ్ఎక్స్ స్పెక్ట్రమ్. 1982లో ఇంగ్లాండులో అమ్మకానికి వచ్చిన యంత్రం. దాని జ్ఞాపకశక్తి 48 కిలోబైట్లు. ఈరోజు మీరు పొద్దున్నే వాట్సాప్‌లో పంపే పూలగుత్తి ‘శుభోదయం’ బొమ్మ కూడా అందులో పట్టదు.

ఆటలు క్యాసెట్లలో వచ్చేవి. టేప్‌రికార్డరుకు తీగ తగిలించి మీట నొక్కితే, వానాకాలం రాత్రి చెరువు కాడ కప్పలూ కీచురాళ్లూ కలిసి అరిచినట్టు చప్పుడు. టీవీ అంచుల్లో చారలు పరిగెత్తేవి. ఐదు నిమిషాలు అందరం ఊపిరి బిగపట్టుకుని కూర్చునేవాళ్లం. వాల్యూమ్ కొంచెం ఎక్కువైనా తక్కువైనా చివర్లో ‘టేప్ లోడింగ్ ఎర్రర్’ అని వచ్చేది. మళ్లీ వెనక్కి తిప్పాలి. టేప్‌రికార్డరు హెడ్‌ను చిన్న స్క్రూడ్రైవరుతో ఎంత తిప్పితే చప్పుడు స్పష్టంగా వస్తుందో చెవితో కనిపెట్టే నేర్పు మాలో ఇద్దరికి వచ్చింది. ఆట సగంలో కరెంటు పోతే మొత్తం పోయినట్టే. మన ఊరి కరెంటు సంగతి మీకు చెప్పాలా?

ఆ ఇంటికి మా వాడి జేజి అధికారి. ఒకసారికి ముగ్గురినే లోపలికి రానిచ్చేది. మిగతావాళ్లు కిటికీ ఊచలు పట్టుకుని చూడాల్సిందే. ఆమెకు చదువు రాదు, ఇంగ్లీషు అసలే రాదు. కానీ ఆటలో ఒక్కొక్కరికి మూడు ప్రాణాలుంటాయని రెండు రోజుల్లో కనిపెట్టేసింది. తమలపాకు నములుతూ గడప మీద కూర్చుని లెక్కపెట్టేది. ‘ఒరే అబ్బయా, నీ మూడు పానాలు అయిపోయినాయి, లెయ్యి, వాణ్ణి కూర్చోనీ’ అనేది. ఎవరి కొడుకైనా మూడు పానాలే. సొంత మనవడికి కూడా నాలుగో పానం ఇచ్చింది లేదు.

మేము ఎక్కువగా ఆడింది ‘మ్యానిక్ మైనర్’. 1983లో మాథ్యూ స్మిత్ అనే ఇంగ్లీషు కుర్రాడు ఇరవై ఏళ్లు నిండకముందే రాసిన ఆట. విల్లీ అనే గనికార్మికుడు ఇరవై గుహలు దాటాలి. ఒక్కో గుహలో మెరిసే వస్తువులన్నీ ఏరుకుని బయటపడాలి. తెర కింద ఒక గీత ఉంటుంది. అది లోపల మిగిలిన గాలి. సెకను సెకనుకూ తగ్గిపోతుంటుంది. అది సున్నా అయితే ఒక పానం పోయినట్టే. సైదాపురం దిక్కున మైకా గనిలో పని చేసిన మా క్లాసుమేటు నాయన ఒకనాడు కొడుకును వెతుక్కుంటూ వచ్చి, కిటికీ దగ్గర నిలబడి కాసేపు చూశాడు. ‘ఈ ఆట రాసినోడికి గని సంగతి తెలుసురా’ అన్నాడు. మాకు అప్పటిదాకా అది ఆటలో ఒక గీత మాత్రమే. ఆయన పోయినాక కాసేపు ఎవరమూ మాట్లాడలేదు. మన కాకిబంగారాన్ని రేడియో వాల్వుల్లోనూ కెపాసిటర్లలోనూ వాడతారని నేను ఇంజనీరింగ్‌లో చదువుకున్నప్పుడు నాకు ఆయనే గుర్తొచ్చాడు.

ఇక అసలు విషయానికి వస్తాను. ఆ యంత్రం కరెంటు పెట్టగానే ఆటను చూపించేది కాదు. కంపెనీ పేరు ఒక వరుసలో చూపించి, ఇక నువ్వు చెప్పు అన్నట్టు ఊరికే ఉండేది. ఏదో ఒకటి మనం టైపు చేయాలి. బేసిక్ అనే భాష దాని లోపలే ఉంది. ఆట ఆడాలన్నా ఒక ఆజ్ఞ రాయాలి, రెండు అంకెలు కూడాలన్నా ఒక ఆజ్ఞ రాయాలి. అంటే ఆట ఆడేవాడికీ ఆట రాసేవాడికీ మధ్య ఉన్నది ఒక్క గడపే. క్యాసెట్లున్నవి ఏడో ఎనిమిదో. వాటితో విసుగుపుట్టాక ఆ గడప దాటక తప్పలేదు.

మా లెక్కల అయ్యవారికి ఈ సంగతి తెలిసింది. హోంవర్కు ఎగ్గొట్టి ఎక్కడ తిరుగుతున్నారో కనుక్కోవడానికి వచ్చి, ఆయన కూడా కిటికీ దగ్గర నిలబడ్డారు. జేజి ఆయనకు కుర్చీ వేసింది కానీ మూడు పానాల చట్టం ఆయనకూ వర్తించింది. ఆయన ఆట ఆడలేదు. యంత్రంతో వచ్చిన పుస్తకం అడిగి ఇంటికి తీసుకుపోయారు. సోమవారం క్లాసులో గ్రాఫు కాగితాలు పంచారు.

ఎనిమిది గళ్లు అడ్డం, ఎనిమిది గళ్లు నిలువు. అందులో ఒక బొమ్మ గీయాలి. రంగు నింపిన గడి ఒకటి, ఖాళీ గడి సున్నా. ఒక్కో వరుసలో గళ్లకు ఎడమ నుంచి 128, 64, 32, 16, 8, 4, 2, 1 అని విలువలు. నింపిన గళ్ల విలువలు కూడితే వరుసకు ఒక అంకె వస్తుంది. ఎనిమిది వరుసలకు ఎనిమిది అంకెలు. ఆ ఎనిమిది అంకెలు స్పెక్ట్రమ్‌కు చెబితే అదే బొమ్మ తెర మీద నిలబడుతుంది. అప్పటిదాకా తెర మీద బొమ్మంటే ఫోటోలాంటిదేదో లోపల ఉంటుందని అనుకున్న మాకు, అది కూడికలేనని తెలిసింది.

అయ్యవారు బోర్డు మీద గూడూరు నిమ్మకాయ గీశారు. గుండ్రంగా. 60, 126, 255, 255, 255, 255, 126, 60. వెనక బెంచీ నుంచి ఒక అమ్మాయి లేచి, ‘అది బంతి సార్. నిమ్మకాయ అని తెలియాలంటే తొడిమె, ఆకు ఉండొద్దా?’ అన్నది. వాళ్ల నాయన నిమ్మకాయల మార్కెట్‌లో మూటలు మోసేవాడు. అయ్యవారు సుద్దముక్క ఆమె చేతికిచ్చారు. ఆమె కాయను రెండు వరుసలు కుదించి పైన తొడిమె, ఆకు పెట్టింది. 14, 16, 60, 126, 255, 255, 126, 60. కూడికలు కాగితం మీద పెట్టకుండా నోటితోనే చెప్పింది. మరి కాయ పసుపు, ఆకు ఆకుపచ్చ వేయొచ్చా అని అడిగింది. స్పెక్ట్రమ్‌లో ఒక్కో గడి బొమ్మకు రెండే రంగులు, వెనక రంగు ఒకటి, ముందు రంగు ఒకటి. అయ్యవారు పుస్తకం చూసి కుదరదన్నారు. ‘అయితే పచ్చికాయ అనుకుందాం సార్’ అన్నది.

ఆ సాయంత్రం ఆ ఎనిమిది అంకెలూ మేము కొట్టాము. తెర మీద నిమ్మకాయ వచ్చింది, ఆకుతో సహా. నెల తిరిగేలోపు పైనుంచి పడే నిమ్మకాయలను గంపతో పట్టుకునే ఆట తయారైంది. ఓ నొక్కితే గంప ఎడమకు, పీ నొక్కితే కుడికి. మూడు కాయలు నేల మీద పడితే ఆట సరి. మూడు అన్నది జేజి గౌరవార్థం. బేసిక్‌లో రాసింది కాబట్టి కాయలు నింపాదిగా, కొంచెం ఆలోచించుకుంటూ పడేవి. అయినా ఆ వారం మ్యానిక్ మైనర్‌ను ఎవరూ అడగలేదు.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ముందుకు పోలేను. ఆ నిమ్మకాయను గీసిన అమ్మాయి ఆ తెరను చూడలేదు. ఆడపిల్లలు ఆ ఇంటికి వచ్చి మగపిల్లల మధ్య కూర్చునే పద్ధతి అప్పుడు ఊళ్లో లేదు. కిటికీ దగ్గరకు కూడా రాలేదు. గంప, చిలక, రైలింజను, ఆటలో మంచి బొమ్మలన్నీ ఆమె కాగితాల నుంచే వచ్చినాయి. పదో తరగతి తర్వాత ఆమెకు పెళ్లయింది. మా పాత రోజుల ముచ్చట్లలో మేమంతా ఆ ఆట మేం చేశామని చెప్పుకుంటాం. ఎనభైల కంప్యూటర్ ఆటల మీద ఈ మధ్య ప్రపంచమంతా కలవరిస్తున్నది. పాత యంత్రాలు వేలంలో కొంటున్నారు, మ్యూజియంలు పెడుతున్నారు. మంచిదే. కానీ ఆ తీపి గుర్తు చేతికి మీట అందినవాడిదే. కిటికీ అవతల ఉన్నవాళ్లకు, కిటికీ దాకా రానివాళ్లకు వేరే గుర్తులుంటాయి.

పోయిన సంవత్సరం నేను పాత స్పెక్ట్రమ్‌లాగా నడిచే ఎమ్యులేటర్ ప్రోగ్రామును కంప్యూటర్లో పెట్టుకుని, ఆ ఎనిమిది అంకెలూ కొట్టి, తెర ఫోటోను బ్యాచ్ గ్రూపు ద్వారా ఆమెకు పంపించాను. రెండు రోజుల తర్వాత జవాబొచ్చింది. ‘ఆకు సరిగానే వచ్చింది. నా మనవరాలికి చూపించాను. ఎట్లా చేయాలో నేర్పమంటున్నది, కాగితం మీద నేర్పినాను. మిగతాది ఎవరు నేర్పుతారు?’

ఆ ప్రశ్న నాకు వేసింది కాదనుకుంటున్నాను. ఈ సంఘానికి వేసింది.

జవాబు వెతకడానికి ఆ యంత్రాలు పుట్టిన ఊరి కథ ఉపయోగపడుతుంది. స్పెక్ట్రమ్ చేసిన సింక్లెయిర్, బీబీసీ మైక్రో చేసిన ఏకార్న్, రెండూ కేంబ్రిడ్జి కంపెనీలే. బీబీసీ మైక్రోకు 1984లో ‘ఎలీట్’ అనే అంతరిక్ష వ్యాపారం ఆట వచ్చింది. డేవిడ్ బ్రాబెన్, ఇయాన్ బెల్ అనే ఇద్దరు విద్యార్థులు 32 కిలోబైట్ల యంత్రంలో 8 గెలాక్సీలు, ఒక్కోదాంట్లో 256 నక్షత్ర మండలాలు పెట్టారు. దాచడానికి చోటు లేదు. అందుకని కొన్ని అంకెల నుంచి లెక్క ప్రకారం అవి పుట్టుకొచ్చేటట్టు చేశారు. అదే ఏకార్న్‌లో సోఫీ విల్సన్, స్టీవ్ ఫర్బర్ రూపకల్పన చేసిన ఆర్మ్ అనే చిప్ 1985లో పని చేసింది. మీ జేబులో ఉన్న ఫోన్లు దాదాపు అన్నీ ఆ వంశంవే.

మరి ఇరవై ఏళ్ల తర్వాత అదే కేంబ్రిడ్జిలో కంప్యూటర్ సైన్సుకు దరఖాస్తులు తగ్గినాయి. వచ్చే పిల్లలకు ప్రోగ్రామింగ్ అనుభవమూ తగ్గింది. ఇళ్లలో కంప్యూటర్లు పెరిగినాయి, కానీ నువ్వు చెప్పు అని అడిగే కంప్యూటర్ పోయింది. అది గమనించి ఎబెన్ ఆప్టన్, ఆయన సహచరులు తక్కువ ధరకు చిన్న బోర్డు తయారుచేశారు. 2012లో రాస్ప్‌బెర్రీ పై పేరుతో వచ్చింది. ఎలీట్ రాసిన బ్రాబెన్ ఆ ఫౌండేషన్ స్థాపకుల్లో ఒకరు. వాళ్లు చేసింది పాత యంత్రాన్ని అద్దాల పెట్టెలో పెట్టడం కాదు. పాత గడపను మళ్లీ కట్టడం.

ఇప్పటి ఆటలు చెడ్డవని నేను అనను. బొమ్మల్లో, సంగీతంలో, కథలో అవి మా ఆటలకు అందనంత ఎత్తులో ఉన్నాయి. మా మేనల్లుడు ఆడుతుంటే నేనూ నోరు తెరుచుకుని చూస్తాను. కానీ ఆ ఆట లోపలికి పోవడానికి వాడికి తలుపు కనిపించదు. వాడి చేతిలో ఉన్నది పూర్తయిపోయిన వస్తువు. నేను చేసే ఉద్యోగంలో ఈరోజుకీ కొన్ని కిలోబైట్ల జ్ఞాపకశక్తి ఉన్న చిప్పులకు ప్రోగ్రాములు రాయాలి. ఇంత చోటులో ఏది పెట్టాలి, ఏది వదలాలి అన్న ఆలోచన కాలేజీలో రాలేదు నాకు. ఎనిమిది గళ్లలో ఆకుకూ కాయకూ చోటు ఎట్లా పంచాలో ఒక అమ్మాయి బోర్డు మీద చూపించినప్పుడు వచ్చింది.

స్వర్ణోత్సవ నిధితో బడికి ఏం చేయాలన్న చర్చ నడుస్తున్నది. ముఖద్వారం ఆర్చి అన్నారు, మంచిదే. ట్యాబ్లెట్లు అన్నారు. నా మనవి వేరే. శనివారం మధ్యాహ్నం ఒక గది, ఆరు చిన్న బోర్డులు, ఆరు పాత టీవీలు, ఒక కట్ట గ్రాఫు కాగితాలు. మొదటి నెల కాగితం మాత్రమే. తర్వాత తెర. ఒక బోర్డుకు ఇద్దరు, అందులో ఒకరు తప్పనిసరిగా ఆడపిల్ల. వంతు అయిపోతే లేవాలి, ఎవరి పిల్లలైనా సరే. జీతం ఇచ్చి మనిషిని పెట్టక్కర్లేదు. గూడూరులో, నెల్లూరులో, తిరుపతిలో ఉన్న మన ఇంజనీర్లు నెలకు ఒక శనివారం చొప్పున పంచుకుంటే సరిపోతుంది. మొదటి ఆరు నెలల్లో నాలుగు శనివారాలు నావి. పేరు ఇప్పుడే రాసుకోండి.

మా లెక్కల అయ్యవారు ఈరోజు మన మధ్య లేరు. ఆయన కంప్యూటర్ కొనలేదు, కొనమని ఎవరినీ అడగలేదు. ఒక పుస్తకం అరువు తీసుకుని, కాగితాలు పంచారు. ఆ పాటి పని యాభై ఏళ్ల సంఘానికి కష్టమేమీ కాదు.