తల్లి ఒడి, ఫరో ఇంటి జీతము
(అధ్యక్ష మండల శతవార్షికోత్సవ సభలలో చేసిన ప్రసంగ పాఠము)



నూరు సంవత్సరముల దేవుని కృపను జ్ఞాపకము చేసికొనుచున్న ఈ సమయమున, తలిదండ్రుల యొద్ద గాక ప్రభుత్వ ఆశ్రయములో పెరుగుచున్న బిడ్డలను గూర్చి మాట్లాడుట తగియున్నదని తలంచుచున్నాము. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతములలోని మన సంఘములకు ఈ ప్రశ్న క్రొత్తది కాదు. వానలు లేని యేడు బెంగళూరు పోవు కూలీల బిడ్డలు అవ్వతాతల యొద్ద మిగిలిపోవుదురు. మగ్గము మీది అప్పు తీరకముందే కన్నుమూసిన నేతగాని బిడ్డలు తల్లికి భారమగుదురు. అట్టి తల్లులు మొదట తట్టునది పాదిరి ఇంటి తలుపే. "అయ్యగారూ, నా బిడ్డలను ఎక్కడైనా హోములో చేర్పించండి" అని అడుగుదురు. మనము ఏమి జవాబు చెప్పవలెను? నేటి ప్రసంగ విషయము అదియే.

నిర్గమకాండము రెండవ అధ్యాయములో మోషే కథ మనమందరము ఆదివారపు బడిలో నేర్చుకొన్నదే. నీటిలో దొరికిన బిడ్డను ఫరో కుమార్తె చేరదీసినది. అది ప్రభుత్వ ఆశ్రయము కాక మరేమి? అయితే బిడ్డ అక్క ముందుకు వచ్చి కన్నతల్లినే పాలిచ్చు దాదిగా తీసికొని వచ్చినది. రాజకుమార్తె ఆ తల్లికి జీతమిచ్చినది. బిడ్డను తల్లి యొద్ద నుండి తీసివేయక, తల్లి చేతికే సహాయము అందించినది. ఆ ఒడిలో మోషే తన జనమెవరో ఎరిగినందుననే, పెద్దవాడై రాజనగరు విడిచి తన సహోదరులను చూడబోయెను.

ఈ పద్ధతికి విరోధమైన పద్ధతి మన తెలుగుదేశములోనే ఒకప్పుడు చట్టముగా నుండెను. 1871లో పుట్టిన క్రిమినల్ ట్రైబ్స్ చట్టము 1911లో మద్రాసు రాజధానికి కూడ వర్తించినది. ఎరుకల మొదలగు జాతులను పుట్టుకతోనే నేరస్థులని ముద్రవేసి సెటిల్‌మెంట్లలో ఉంచిరి. ఆరేండ్లు దాటి పదునెనిమిది ఏండ్లు నిండని వారి బిడ్డలను తలిదండ్రుల నుండి విడదీసి ప్రత్యేక పాఠశాలలలో ఉంచు అధికారము ప్రభుత్వమునకు ఆ చట్టమే ఇచ్చినది. స్టూవర్టుపురములో సాల్వేషన్ ఆర్మీవారు, కావలిలో అమెరికన్ బాప్టిస్టు మిషనువారు ప్రభుత్వము తరఫున ఆ సెటిల్‌మెంట్లను నడిపిరి. అక్షరము నేర్పిరి, వైద్యము చేసిరి, పనులు చూపిరి. ఆ మేలును మరువరాదు. కాని బిడ్డ జాతియే బిడ్డకు రోగమన్న తలంపుతో కట్టిన గోడలవి. స్వాతంత్ర్యము తరువాత, 1952లో ఆ చట్టము రద్దయ్యెను. ముద్ర మాత్రము త్వరగా చెరగలేదు.

సముద్రములకు ఆవల కెనడా దేశములో ఇదే పని మరింత విస్తారముగా జరిగినది. ఉత్తరపు మంచు ప్రదేశముల వరకు ఆదిమ జాతుల బిడ్డలు లక్షా యాభైవేలకు పైగా రెసిడెన్షియల్ పాఠశాలలలో చేర్చబడిరి. ఖర్చు ప్రభుత్వముది, నిర్వహణ అధికభాగము సంఘములది. తల్లిభాష పలికిన పిల్లలు శిక్షింపబడిరి. 2015లో సత్య సమాధాన కమిషను తన నివేదికలో 3,200కు పైగా బిడ్డల మరణములను లెక్కించినది. ఆంగ్లికన్ సంఘము 1993లోను, యునైటెడ్ సంఘము 1998లోను ఈ పాఠశాలల విషయమై క్షమాపణ చెప్పెను. పోప్ ఫ్రాన్సిస్ 2022లో స్వయముగా ఆ దేశమునకు వెళ్లి క్షమాపణ వేడెను.

పాఠశాలలు మూతపడినను దుఃఖము తీరలేదు. 2021 జనాభా లెక్కల ప్రకారము ఆ దేశములో పదునాలుగేండ్ల లోపు పిల్లలలో ఆదిమ జాతులవారు నూటికి ఎనిమిది మంది కూడ లేరు, కాని పెంపుడు ఇండ్లలోనున్న పిల్లలలో సగము కంటె ఎక్కువ వారే. మానిటోబా ఉత్తర ప్రాంతపు నార్వే హౌస్ క్రీ జాతి బిడ్డ జోర్డన్ రివర్ ఆండర్సన్ కష్టమైన రోగముతో పుట్టెను. ఇంట ఉంచి చూచుకొను ఖర్చు ఎవరిదని రెండు ప్రభుత్వములు వాదించుకొనుచుండగా, ఆ బిడ్డ తన ఇంటిలో ఒక్క రాత్రియైనను గడపకయే 2005లో ఐదేండ్ల ప్రాయమున ఆసుపత్రిలోనే కన్నుమూసెను. ముందు బిడ్డకు కావలసినది చేయుడి, తరువాత లెక్క తేల్చుకొనుడి అను నియమమునకు నేడు ఆ దేశములో ఆ బిడ్డ పేరే పెట్టిరి.

మన చట్టమును కూడ తెలిసికొందము. 2015 నాటి బాలల న్యాయ చట్టము ప్రకారము బిడ్డను సంస్థలో ఉంచుట చిట్టచివరి మార్గము, మొదటి బాధ్యత కుటుంబముది. దిక్కులేక దొరికిన బిడ్డను ఇరువది నాలుగు గంటలలోగా బాలల సంక్షేమ సమితి ఎదుట హాజరుపరచవలెను. ధర్మవరం జంక్షనులో ఒంటరిగా రైలు దిగిన పిల్లవాడు కనబడినయెడల 1098కి ఫోను చేయవలెను గాని, జాలిపడి మన ఇంటిలోనో మన హాస్టలులోనో ఉంచుకొనరాదు. ఆ చట్టము క్రింద నమోదు లేకుండ ఇట్టి పిల్లలకు ఆశ్రమము నడుపుట నేరము. ప్రార్థనతో ప్రారంభించినను నేరమే.

దత్తత విషయమును గూర్చి ఒక మాట. బిడ్డలు లేని దంపతులు మన సంఘములలో నున్నారు, వారి కన్నీరు మేమెరుగుదుము. అయినను పేదతల్లి యొద్ద నుండి శిశువును నేరుగా తెచ్చుకొనుట చట్టవిరుద్ధము. బిడ్డను అప్పగించిన తల్లికి మనసు మార్చుకొనుటకు చట్టము రెండు నెలల గడువు ఇచ్చుచున్నది. ఈ గడువు ఎంత విలువైనదో 1999లోను 2001లోను తేటపడినది. తెలంగాణ ప్రాంతపు లంబాడీ తండాలలో పేదతనమును ఆసరా చేసికొని ఆడశిశువులను కొని దత్తతకు పంపుచున్న సంగతి అప్పుడే బయటపడెను. మన సీమలోని సుగాలీలు ఆ జనపు సహోదరులే.

ఇక ఆ తల్లికి మన జవాబు. నేడు ఫరో ఇంటి జీతము వంటిదొకటి ఉన్నది. మిషన్ వాత్సల్య క్రింద విధవరాలి బిడ్డలకు, బంధువుల యొద్ద పెరుగు అనాథలకు, తలిదండ్రులు తీవ్రరోగముతోనున్న పిల్లలకు నెలకు 4,000 రూపాయలు సహాయము కలదు. ఏటి ఆదాయము పల్లెలలో 72,000, పట్టణములలో 96,000 రూపాయలు మించరాదు. జిల్లా బాలల సంరక్షణ విభాగమునకు దరఖాస్తు పెట్టుకొనవలెను. ఆధార్, మరణ ధృవపత్రము, ఆదాయ పత్రము, బడి నుండి పత్రము సమకూర్చుట చదువురాని తల్లికి కొండ ఎక్కినట్లుండును. ప్రతి పాస్టరేటులో ఇద్దరు చదువుకొన్న యౌవనస్థులు, ఒక స్త్రీల మైత్రి సభ్యురాలు ఆమె వెంట ఆఫీసుకు నడచిన చాలును. కానుకల పెట్టెలోని వందరూపాయల కంటె ఆ నడక ఎక్కువ.

నిజముగా ఎవరును లేని బిడ్డలు కూడ ఉన్నారు. వారికి మంచి హోము అవసరమే. మనలో అనేకులము బోర్డింగు అన్నము తిని పెద్దవారమైనవారము, ఆ మేలును తృణీకరింపము. అట్టి పిల్లల యెడల హన్నా మాదిరి ఉన్నది. దేవాలయములో విడిచిన సమూయేలుకు ఆమె ఏటేట చిన్న అంగీ కుట్టి తెచ్చుచుండెను. ఎదుగు బిడ్డకు ఏడాదికొక కొలత తెలిసినదే తల్లి. మన హాస్టళ్లలోని ప్రతి బిడ్డను నెలకొకసారియైనను స్వజనులు చూచునట్లు చేయుదము. సుగాలీ బిడ్డ గోర్ బోలిలో, ఎరుకల బిడ్డ తన ఇంటి భాషలో మాటలాడుకొన్న గద్దింపకుందము. ప్రార్థన ఆ భాషలోను దేవునికి వినబడును.

యాకోబు భక్తుడు నిజమైన భక్తిని వివరించుచు దిక్కులేని పిల్లలను, విధవరాండ్రను ఒకే చోట పేర్కొనెను. మనము మాత్రము తల్లికొక దారి, బిడ్డలకొక దారి చూపుచు వచ్చుచున్నాము. ఆ ఇరువురిని ఒకే కప్పు క్రింద నిలిపి ఆదరించుటయే రానున్న నూరేండ్లలో మన సంఘముల పరిచర్య కావలెనని కోరుచున్నాము. ప్రభువు ఇందుకు మనకు జ్ఞానమును ఓర్పును అనుగ్రహించును గాక. ఆమేన్.