మాట మానేసిన మిత్రుడు

(మన సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఎ. బకాయిల గురించి, వైద్య బిల్లుల గురించి నాకంటే బాగా తెలిసినవారు ఇప్పటికే మాట్లాడారు. నేనొక సినిమా గురించి చెబుతాను. పేరు 'ది బాన్‌షీస్ ఆఫ్ ఇనిషెరిన్'. 2022లో వచ్చింది. రాసినవారు, తీసినవారు మార్టిన్ మెక్‌డోనా. మా మనవడు టీవీలో పెడితే కింద పడే అక్షరాలు చదువుకుంటూ చూశాను. తొమ్మిది ఆస్కారు నామినేషన్లు వచ్చి, ఒక్క అవార్డూ రాలేదట. ప్యానెల్లో పేరుండీ ప్రమోషన్ రానివారు మనలో ఎందరో ఉన్నారు కనుక ఆ సంగతి మనకు వివరించనక్కరలేదు.

కథ 1923లో, ఐర్లండు పడమటి తీరాన ఒక చిన్న దీవిలో జరుగుతుంది. దీవి పేరు కల్పితం. పాడ్రిక్ పశువులను సాకుకొనే అమాయకుడు. కొలమ్ ఫిడేలు వాయించేవాడు, వయసులో పెద్ద. రోజూ మధ్యాహ్నం రెండు గంటలకు ఇద్దరూ కలిసి పబ్బుకు వెళ్లాలి. మనకు క్యాంటీన్ టీ ఎలాగో వారికది అలాగ. ఒకరోజు పాడ్రిక్ వెళ్లి పిలిస్తే కొలమ్ పలకడు. అప్పు తగాదా లేదు, ఆస్తి తగాదా లేదు. నీ స్నేహం నాకిక వద్దంటాడు, అంతే.

అతని కారణం వినండి. ఉన్న కొద్ది రోజుల్లో మంచి పాటలు కట్టాలి, కబుర్లతో కాలం పోగొట్టుకోలేను అంటాడు. మొన్న నీ గాడిద పేడలో దొరికిన వస్తువుల గురించి రెండు గంటలు చెప్పావంటాడు. పాడ్రిక్ వెంటనే దిద్దుతాడు: అది గాడిదది కాదు, పొట్టి గుర్రానిదని! నవ్వుతాము. నవ్వుతూనే, ఇద్దరిలో ఎవరిది న్యాయమో తేల్చలేకపోతాము. మంచితనం ఎవరికీ గుర్తుండదు, సంగీతం నిలుస్తుంది అని కొలమ్ వాదన. మా అమ్మానాన్నలు, మా చెల్లెలు మంచివారు, నాకు గుర్తున్నారు అని పాడ్రిక్ జవాబు.

ఆ తర్వాత కథ భయంకరమవుతుంది. నువ్వు పలకరించినప్పుడల్లా నా వేలొకటి కోసుకుంటానంటాడు కొలమ్. అన్నంత పనీ చేస్తాడు. ఏ సంగీతం కోసం స్నేహితుణ్ణి వదిలాడో, ఆ సంగీతం వాయించే వేళ్లనే పోగొట్టుకుంటాడు. పాడ్రిక్ పెంపుడు గాడిద ఆ వేలు గొంతులో అడ్డుపడి చనిపోతుంది. అతను ముందే చెప్పి మరీ కొలమ్ ఇంటికి నిప్పు పెడతాడు. కొలమ్ కుక్కను మాత్రం జాగ్రత్తగా తీసుకుపోతాడు.

సముద్రం అవతలి నుంచి తుపాకుల మోత వినిపిస్తూ ఉంటుంది. అది ఐర్లండు అంతర్యుద్ధం. బ్రిటిషువారిపై కలిసి పోరాడినవారే 1921 ఒడంబడిక మీద విడిపోయి, 1922 జూన్ నుంచి 1923 మే వరకు ఒకరినొకరు చంపుకున్నారు. దేశానికి జరిగిందే రెండు గడపల మధ్యా జరిగింది.

ఈ కథ మన వయసువారికి ఎందుకంటారా? ఉద్యోగంలో ఉండగా స్నేహాలను పక్క సీటే నిలబెట్టేది. ఇప్పుడు కాలం మన చేతిలో ఉంది. ఎంత మిగిలిందో మాత్రం తెలియదు. కొలమ్ కోరిక తప్పు కాదు. నా మిత్రుడొకరు నాలుగేళ్ల క్రితం, "ఉదయం నడకకు రాను, ఆ వేళ భాగవతం చదువుకోవాలి, ఏమీ అనుకోకు" అన్నారు. సాయంత్రం కాఫీ మాత్రం ఇద్దరం మానలేదు. గంట కావాలని అడిగితే ఏ స్నేహితుడూ కాదనడు. మొత్తం తలుపు మూస్తేనే మనసు విరుగుతుంది.

మరొక మాట, కుటుంబ సభ్యులకు. పాడ్రిక్ చెల్లెలు షివాన్ గ్రంథాలయంలో ఉద్యోగం వచ్చి దీవి దాటి వెళ్లిపోతుంది. వెళ్లడం న్యాయమే. మన పిల్లలూ వెళ్లారు. కాని ఆనాటి నుంచే పాడ్రిక్ నిజంగా ఒంటరివాడవుతాడు. కనుక ఫోన్ చేసినప్పుడు బి.పి. మాత్రలతోపాటు, నాన్నగారి స్నేహితులు ఇంటికి వస్తున్నారో లేదో కూడా అడగండి.

ఈ సమావేశానికి రాని సభ్యులు కొందరున్నారు. వారిలో మనతో మాట మానేసినవారూ ఉండవచ్చు. ఈ ప్రత్యేక సంచికను వారికి పోస్టులో పంపకుండా, మనలో ఒకరు స్వయంగా పట్టుకెళ్లి ఇవ్వాలని నా మనవి.

సెలవు.