కాగితం కవచం
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

ముప్పై ఏళ్లుగా ఇనుప రేకులతో పని చేస్తున్నవాణ్ణి. బాయిలర్లకు, పొగ గొట్టాలకు డక్టులు తయారుచేయడంలోనే నా ఉద్యోగమంతా గడిచింది. దాని గురించి మాట్లాడితే కార్యదర్శి గారు నాకిచ్చిన పదిహేను నిమిషాల్లో సభలో సగం మంది నిద్రపోతారు. అందుకని ఆ పనికి చెల్లెలి వరసయ్యే ఒక సరదా గురించి చెబుతాను. కాగితంతో యుద్ధ కవచాలు చేయడం.

కాస్‌ప్లే అనే మాట పిల్లలకు తెలుసు, పెద్దలకు చెప్పాలి. సినిమాల్లో, కామిక్సుల్లో, వీడియో గేముల్లో ఉండే పాత్రల వేషం కట్టడం. చాలామంది ఆ వేషాన్ని తమ చేతులతోనే తయారుచేసుకుంటారు. కాస్ట్యూమ్, ప్లే అనే రెండు మాటలు కలిపి జపాన్ వాళ్లు చేసుకున్న పదమిది. నొబుయుకి తకహషి అనే ఆయన 1983లో ఒక పత్రికలో వాడారు. ఆ ఏడు నేనిక్కడ తొమ్మిదో తరగతి. వార్షికోత్సవం నాటకానికి అట్ట మీద కాకిబంగారం అంటించి దుర్యోధనుడి కిరీటం చేసింది మా తరగతి వాళ్లమే. అంటే పేరు కొత్త గానీ పని మనకు పాతదే.

మేం కిరీటాన్ని కంటి కొలతతో కోశాం. ఇప్పుడు కంప్యూటర్ ముక్కలు గీసి ఇస్తుంది. జపాన్‌లోని తమా సాఫ్ట్‌వేర్ వాళ్లు పెపకురా డిజైనర్ అని ఒక ప్రోగ్రాం తయారుచేశారు. పేపర్ క్రాఫ్ట్‌ను జపనీయులు కుదించి పలికితే పెపకురా అయింది. హెల్మెట్ బొమ్మను త్రిభుజాల మయంగా దానికి ఇస్తే, విప్పి చదునుగా పరిచి, ఏ4 కాగితాల మీద సర్దిపెడుతుంది. ప్రతి అంచుకూ ఒక నంబరు ఉంటుంది. 47 నంబరు అంచును ఇంకో 47కి అంటించాలి. ఒక రకం గీత దగ్గర బయటికి మడత, ఇంకో రకం దగ్గర లోపలికి.

మా అమ్మాయి ఇంజనీరింగ్‌లో చేరిన ఏడాది, హేలో గేములోని మాస్టర్ చీఫ్ వేషంలో హైదరాబాద్ కామిక్ కాన్‌కు వెళ్తానంది. ముక్కలు ప్రింటు తీసి నా ముందు పెట్టి, "నాన్నా, నువ్వు ఫ్యాక్టరీలో చేసేది ఇదేగా" అంది. అక్షరాలా అదే. ఒక గొట్టంలోంచి ఇంకో గొట్టం పక్కకు చీలాలంటే, కోత గీతను ముందు కాగితం మీద గీసి, ఆ కాగితాన్ని గొట్టానికి చుట్టి, దాని వెంట మార్కు పెడతాం. ఇంజనీరింగ్ డ్రాయింగులో దీన్ని డెవలప్‌మెంట్ అంటారు. నా ఉద్యోగం ఏమిటో మా అమ్మాయికి సరిగ్గా అర్థమైంది ఆ రోజే అనుకుంటాను.

ఇక్కడ లెక్కల మాస్టార్లు ఉన్నారు కాబట్టి ధైర్యంగా చెబుతాను. శనగల పొట్లాన్ని విప్పితే చదునైన కాగితం వస్తుంది, ఎందుకంటే అది శంఖువు. స్తూపమూ అంతే. బత్తాయి తొక్కను మాత్రం చిరగకుండా, సాగకుండా బల్ల మీద పరచలేం. ఎందుకు కుదరదో 1827లో గౌస్ నిరూపించాడు. హెల్మెట్ నెత్తి బత్తాయి జాతి, చెంపలు దాదాపు పొట్లం జాతి. అందుకే నెత్తి దగ్గర చిన్న చిన్న త్రిభుజాలు కుప్పగా ఉంటాయి, చెంపలకు నాలుగు పెద్ద ముక్కలు చాలు. ఇలా ఘనరూపాలను విప్పి గీయడం 1525లోనే జర్మన్ చిత్రకారుడు డ్యూరర్ తన పుస్తకంలో చూపించాడు. మరి ఎక్కడా లోపలికి నొక్కుకుపోకుండా చదును ముఖాలతో ఉన్న ఏ ఘనాన్నైనా, అంచుల వెంట మాత్రమే కోసి, ముక్కలు ఒకదానిమీద ఒకటి పడకుండా ఒకే ముక్కగా పరచగలమా? 1975లో షెపర్డ్ అనే గణితవేత్త వేసిన ఈ ప్రశ్న ఇంకా తేలలేదు. తొమ్మిదో తరగతి పిల్లకు అర్థమయ్యే ప్రశ్న, ప్రపంచంలో ఎవరూ జవాబు చెప్పలేని ప్రశ్న!

ఇక చేతి పని. మామూలు 75 జీఎస్ఎం కాగితం నిలబడదు, 180 నుంచి 200 ఉండాలి. ప్రింటు తీసేటప్పుడు వంద శాతం సైజులోనే తీయాలి. కాగితానికి సరిపోయేలా కుదించమని ప్రింటరును వదిలేస్తే తల పట్టదు. కొలత తీసుకోవాల్సింది నుదుటి చుట్టు ఒక్కటే కాదు. చెవుల దగ్గర అడ్డంగా ఎంత ఉందో కూడా చూడాలి, ఎందుకంటే హెల్మెట్ దిగాల్సిన దారి అదే. మడత గీతలకు ఇంకు అయిపోయిన బాల్‌పెన్నును మించిన పనిముట్టు లేదు. చివరి ముక్క అంటించేటప్పుడు లోపలి నుంచి వేలు ఆనించడానికి చోటుండదు, అందుకని చెయ్యి పట్టే మెడ భాగాన్ని చివరికి వదిలిపెట్టుకోవాలి. మాకు మూడు వారాలు పట్టింది. రాత్రి భోజనాలయ్యాక ఇద్దరం కూర్చునేవాళ్లం. కాలేజీ కబుర్లు అన్నీ అప్పుడే విన్నాను, మామూలుగా అడిగితే "ఏం లేదు నాన్నా" అనే పిల్ల.

గట్టిపరచడం గురించి తల్లిదండ్రులు వినాలి. పెద్దవాళ్లు దీనికి పాలియెస్టర్ రెజిన్, ఫైబర్ గ్లాస్ వాడతారు. దాని ఆవిరి మంచిది కాదు, గుడ్డ మాస్కు ఆపదు. దానిలో కలిపే హార్డెనర్ కంట్లో పడితే చూపే పోవచ్చు. బడిలో దాని ఊసే వద్దు. నీళ్లు కలిపిన ఫెవికాల్‌తో లోపలి వైపు న్యూస్ పేపరు పట్టీలు పొరలు పొరలుగా అంటిస్తే చాలు. ముందుగా లోపల అట్ట పట్టీలు అడ్డంగా బిగించాలి, లేకపోతే తడికి హెల్మెట్ ఒక పక్కకు ఒంగుతుంది. ఒక పొర పూర్తిగా ఆరాకే ఇంకో పొర.

ఇదంతా ఈ సభలో ఎందుకంటే, స్వర్ణోత్సవ నిధితో బడికి 3డి ప్రింటరు కొనాలని మన సంఘం ముందు ప్రతిపాదన ఉంది. నేను వద్దనను. నా అభ్యంతరం వరస గురించే. ఒక ప్రింటరు ఒక హెల్మెట్ పోయడానికి గంటలు గంటలు తీసుకుంటుంది, కొన్నిసార్లు రోజులు. అంతసేపూ నలభై మంది పిల్లలు గాజు తలుపు బయట నిలబడి చూడాలి. అదే కాగితమైతే నలభై జతల చేతులూ పనిలో ఉంటాయి. తప్పు కోస్తే ఇంకో కాగితం. ఎనభైలలో మాకు వారానికి రెండు క్రాఫ్టు పీరియడ్లు ఉండేవి, ఇప్పుడు టైమ్‌టేబుల్లో ఒక్కటీ లేదు. యంత్రం కొనే ముందు ఆ పీరియడు వెనక్కి తేగలమా అని హెడ్‌మాస్టరు గారిని ఈ వేదిక మీది నుంచే అడుగుతున్నాను.

నా వంతు నేను చెబుతాను. జూన్‌లో బడి తెరిచాక నాలుగు శనివారాలు వస్తాను. కాగితం, కత్తెరలు, ఫెవికాల్ నేను తెస్తాను. మొదటి వారం హెల్మెట్ జోలికి పోం, పన్నెండు ముఖాల ఘనంతో మొదలుపెడదాం. లెక్కల టీచరు గారు ఒకరు నాతో కూర్చుంటే బాగుంటుంది. మా అమ్మాయికి సెలవు దొరికితే తనూ వస్తానంది. మాస్టర్ చీఫ్ తలను తనే ఒళ్లో పెట్టుకుని బస్సులో తెస్తుందట.